విస్తట్లో నాలుగు మాత్రలు

చీపురుపల్లి,
జూలై 6.

అప్పకి తమ్ముడు నగరేశ్వరరావు నమస్కారాలు.

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటి, వీడికి మతిపోయిందా అనుకుంటావు. మతి ఉంది, ఫోనూ ఉంది. అందులో నీ నంబరే లేదు. నీ మరదలు ఈశ్వరి తీసేసింది. తీసేసి, కాగితాలూ కవర్లూ స్టాంపులూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

జరిగిందేమిటంటే, మొన్న ఆదివారం నాన్న తద్దినం పదహారో తారీఖా పదిహేడా అని నువ్వూ నేనూ ముప్పావుగంట అరుచుకున్నాం కదా. నువ్వు నీ నౌపడ పంతులి మాట మీద నిలబడ్డావు, నేను నా చీపురుపల్లి పంతులి మాట మీద. ఫోన్ పెట్టేసరికి నాకు తల దిమ్మెక్కింది, కళ్ల ముందు మిణుగురులు. ఈశ్వరి ఆటో ఎక్కించి విజయనగరం తీసుకెళ్లింది. డాక్టరు చేతికి పట్టీ కట్టి గాలి కొట్టాడు. రెండు వందల పది బై నూట ఇరవై! నమ్మకం లేక ఇంకోసారి కొట్టాడు. రెండు వందల ఎనిమిది.

"ఏం చేస్తుండగా తల తిరిగిందండీ?" అన్నాడు.

"ఆళ్లప్పతో ఫోన్ల మాటాడతన్నారండి," అంది ఈశ్వరి. నన్ను చెప్పనిస్తేనా! ఇంటికొచ్చాక తీర్పు కూడా తనే ఇచ్చింది. "పోట్లాడాలనుంటే కాయితం మీద పోట్లాడుకోండి. రాసేలోగా కోపం సల్లారిపోద్ది."

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ డాక్టరు ఒక్క రోగానికి మూడు రకాల మాత్రలు రాశాడు. మూడూ బీపీకేనట! ముప్పయ్యేళ్ల నుంచి కిరాణా కొట్టు నడుపుతున్నాను, నాకు తెలియదా ఈ లెక్క? మంచి సబ్బు పది పెట్టెలు కావాలంటే, ఎవడూ ముట్టని షాంపూ రెండు పెట్టెలు అంటగడతాడు కంపెనీ ఏజెంటు. ఇదీ అంతే. చీటీలో పైన రాసిందే అసలు సరుకు, కింద రెండూ అంటగట్టినవి.

బావని అడిగానని చెప్పు. తద్దినం పదిహేడే.

నీ తమ్ముడు
నగరేశ్వరరావు


నౌపడ,
జూలై 14.

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాకే బీపీ వచ్చేలా ఉంది. పదహారే. అది అలా ఉంచు.

డాక్టరు సబ్బులమ్ముకునేవాడట్రా? నీకు మాత్రలు అంటగట్టి ఆయనకి లాభమేమిటి? నువ్వు ఎంత పెద్ద వ్యాపారివైనా నీ ఒళ్లు కొట్టు కాదు, అందులో నీ ఇష్టమొచ్చినట్టు సరుకు సర్దడానికి.

నిన్న బావ ఉప్పు కొట్టుకి లక్ష్మణమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చి, చేపలు ఎండబెట్టడానికి మూటలు మూటలు ఉప్పు పట్టుకెళుతుందే, ఆవిడ. ఆవిడకీ బీపీ, రెండు మాత్రలు వేసుకుంటుంది. నీ సబ్బుల కథ చెబితే పగలబడి నవ్వింది. "ఓలమ్మా, పడవ ఒడ్డుకి లాగాలంటే ఒక్కడు లాగితే వస్తాదేటి? ఒకడు తాడట్టుకోవాల, ఒకడు ఎనకనించి తొయ్యాల, ఒకడు కింద దుంగలెయ్యాల. ముగ్గురూ సేసేది ఒకటే పనని ఇద్దర్ని ఇంటికి పంపేత్తారేటి? మీ తమ్ముడికి సెప్పు," అంది. చదువుకోని మనిషికి తెలిసింది నీకు తెలియలేదు.

నవ్వుతూ రాస్తున్నాను కానీ నాకు నవ్వు రావడం లేదు. నాన్న కాటా ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయినప్పుడు నీకు పదకొండేళ్లు, నాకు పదిహేడు. చేతిలో బెల్లం ముక్క అలాగే ఉంది. ఆయనకీ ఇదే రోగం, ఆయనా "నాకేటీ లేదు" అనేవాడే. అమ్మ కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు నాకు పుట్టిల్లంటే చీపురుపల్లిలో ఉన్న ఆ నాలుగు గోడలు కాదు, నువ్వు. నువ్వు లేకపోతే నేను ఏ గుమ్మం ఎక్కను?

మూడూ వేసుకుంటున్నానని నా మీద ఒట్టేసి రాయి.

అప్ప
కమలాదేవి


చీపురుపల్లి,
జూలై 25.

అప్పా,

నీ ఉత్తరం ఈశ్వరి నాకంటే ముందు చదివేసింది. చదివి కళ్లు తుడుచుకుని, నా అప్పడాల డబ్బా ఎత్తి అటక మీద పెట్టేసింది. ఉప్పు తగ్గించమన్నాడుగా డాక్టరు! ఇప్పుడు ఈ ఇంట్లో చారు తాగితే వేడినీళ్లు తాగినట్టే ఉంటుంది. ఉప్పు అమ్మే బావకి బావమరిదినై ఉండి నాకు ఈ గతి పట్టింది.

మూడూ వేసుకుంటున్నాను. ఈశ్వరి పొద్దున్నే పొట్లం కట్టి చేతిలో పెడుతుంది, కొట్టుకెళ్లి టిఫినయ్యాక వేసుకుంటాను. ఒట్లెందుకు చెప్పు? మన ఇంట్లో మాటే ఒట్టు కదా. సాయంత్రానికి కాళ్లు కొంచెం వాస్తున్నాయి, చెప్పుల గుర్తు పడుతోంది. మాత్రల వల్లేనని మందుల షాపతను అన్నాడు. అంటే పనిచేస్తున్నట్టే కదా!

లక్ష్మణమ్మకి నా నమస్కారాలు. పడవ సంగతి బాగుంది కానీ, ఆవిడ మన కొట్టుకి సరుకు కొని చూడలేదు.

నీ తమ్ముడు


నౌపడ,
ఆగస్టు 8.

తమ్ముడూ,

హమ్మయ్య. నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. "ఉప్పు మానెయ్యమని మా బావమరిదికే సెప్పాడా డాట్రు? రేపు ఊరందరికీ సెప్తే నేనేటి సేసుకోవాల?" అని బెంగపడుతున్నాడు. అది పైకే. సాయంత్రం చూస్తే తన కూరలో కూడా ఉప్పు తగ్గించమన్నాడు.

ఉప్పు సగం వేసి నిమ్మకాయ పచ్చడి పెట్టి పంపుతున్నాను. త్వరగా బూజు పడుతుంది, దాచుకోకుండా తినేయి. కొట్లో అమ్మేవి మాత్రం ముట్టుకోకు.

నువ్వు మాట విన్నావు, నాకు అదే చాలు. తద్దినం పదిహేడే. పంతులుగారు మళ్లీ లెక్కచూసి చెప్పారు. ఈ సంగతి మరదలికి చెప్పనక్కరలేదు.

అప్ప


చీపురుపల్లి,
సెప్టెంబరు 21.

అప్పా,

చెప్పేశాను. ఈశ్వరి రెండు రోజులు నవ్వింది.

నిన్న విజయనగరం వెళ్లొచ్చాం. నూట తొంభై ఆరు బై నూట పద్నాలుగు. డాక్టరు తల గోక్కున్నాడు. "మూడూ రోజూ వేస్తున్నారా?" అన్నాడు. "నేనే కట్టి ఇస్తన్నానండి," అంది ఈశ్వరి. నేను గోడ మీద గుండె బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఆయన నాలుగో మాత్ర రాశాడు. రక్తపరీక్షలు, కిడ్నీలకి స్కాను కూడా. మూడు మందులకీ లొంగని బీపీ అంటే లోపల ఇంకేదో ఉండొచ్చట. స్కానులో ఏమీ లేదులే, కంగారు పడకు.

మన బీపీ కూడా మన వంశం లాంటిదే, ఎవరి మాటా వినదు. పచ్చడి అయిపోయింది.

నీ తమ్ముడు


నౌపడ,
అక్టోబరు 9.

తమ్ముడూ,

నాలుగు మందులకి ఎదిగావన్నమాట! నువ్వు సరదాగా రాశావు కానీ నాకు రెండు వారాలుగా అన్నం సయించడం లేదు. మూడు మాత్రలు వేసుకున్నా తగ్గని రోగం ఏమై ఉంటుందిరా? అరసవల్లి వెళ్లి నీ పేరున సూర్యనమస్కారాలు చేయించాను.

దీపావళి వెళ్లాక విదియ నాడు తప్పకుండా రా. భగినీ హస్త భోజనం. అమ్మ చెప్పేది గుర్తుందా? ఆ రోజు యముడు కూడా తన చెల్లెలింటికి భోజనానికి వెళతాడు, అక్కచెల్లెలి చేతి అన్నం తిన్నవాడి జోలికి రాడు. నాలుగేళ్లుగా కొట్టు వదల్లేనని ఎగ్గొడుతున్నావు. ఈసారి ఒప్పుకోను. ఈశ్వరి ఇంటికి ఎలాగూ ఆ రోజు వాళ్లన్నయ్య వస్తాడు, అది ఆయనకి పెట్టుకుంటుంది. నువ్వు పొద్దున్న పాసింజరెక్కి వచ్చేయి. ఖాళీ కడుపుతో రా. నేను వడ్డించేదాకా కాఫీ కూడా తాగకు.

విస్తట్లో వేసింది ఏదీ వదలకూడదు, అది నియమం. కాకరకాయకి మొహం చిట్లించావో, చెబుతాను నీ పని.

అప్ప


నౌపడ,
అక్టోబరు 30.

తమ్ముడూ,

శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి ఈశ్వరి నిన్ను అటే ఇంటికి తీసుకెళ్లిపోయింది. మనం మాట్లాడుకోవడానికి కుదరలేదు. ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

పులిహోర వడ్డించాక నీ సంచిలో ఈశ్వరి కట్టిన మాత్రల పొట్లం కనబడింది. ఇవి కూడా ఇవాళ నా చేత్తోనే పెట్టాలనిపించింది. ఆయుష్షు కోసం పెట్టే భోజనం కదా, నీ ఆయుష్షు ఇప్పుడు వీటిలోనే ఉంది కదా అని, నాలుగూ విస్తట్లో బూరె పక్కన పెట్టాను. నువ్వు వాటి వంక చూశావు, నా వంక చూశావు, నీళ్లతో మింగేశావు. నాకు ఎంత సంతోషమేసిందో!

భోజనమయ్యాక బావతో అరుగు మీద కబుర్లు చెబుతూ కూర్చున్నావు. మూడు గంటలప్పుడు మంచినీళ్లకని లేచావు. రెండడుగులు వేసి, నరికిన అరటిచెట్టులా పడిపోయావు. గడప తగిలి నుదురు చిట్లింది. ఒళ్లంతా చల్లటి చెమట. "ఒరే, ఒరే" అంటుంటే కళ్లు తెరవలేదు. బావ పరిగెత్తుకెళ్లి ఆటో తెచ్చాడు. టెక్కలిలో చూస్తే డెబ్బై బై నలభై. రెండు వందలు ఉండేవాడికి డెబ్బై!

అక్కడి కుర్ర డాక్టరు మందుల చీటీ చూసి నన్ను అడిగాడు, "ఇవన్నీ రోజూ వేస్తారా, ఎప్పుడైనా మానేస్తారా?" అని. "మూడు నెలలుగా ఒక్క పూట మానలేదు బాబూ. నా తమ్ముడు నాతో అబద్ధం ఆడడు," అన్నాను. "రోజూ వేసేవైతే ఇవాళే ఇంతలా పడిపోకూడదే," అని ఆయన గుండెపోటని అనుమానపడ్డాడు. శ్రీకాకుళం పంపారు. రెండు రోజులు వైర్లు పెట్టి చూశారు. గుండె బాగుందన్నారు. మరి ఎందుకిలా అయిందో ఎవరూ చెప్పలేదు.

ఎవరూ చెప్పకపోయినా నాకు తెలిసింది. నా చెయ్యి మంచిది కాదురా. ఆ రోజు పెట్టిన అన్నం ఆయుష్షు పోస్తుందంటారు, నా చేతి అన్నం నిన్ను గడపలో పడేసింది. ఇక నీకు నా చేత్తో ఏమీ పెట్టను, పచ్చళ్లు కూడా పంపను. నువ్వు ఎక్కడున్నా బాగుంటే చాలు.

అప్ప


చీపురుపల్లి,
నవంబరు 4.

అప్పా,

నీ ఉత్తరం చదివి కొట్టు మూసేసి వచ్చాను. తెరిచిన కొట్టు మధ్యాహ్నం పూట మూయడం నాన్న పోయిన తర్వాత ఇదే మొదటిసారి.

నీ చేతిలో ఏ దోషమూ లేదు. దోషం నాది. నేను మూడు నెలలూ ఒక్క మాత్రే వేసుకున్నాను. చీటీలో పైనున్నది. మిగతావి ఈశ్వరి కట్టిచ్చిన పొట్లంలోంచి తీసి కొట్లో ఖాళీ ఇంగువ డబ్బాలో వేశాను. పారేయడానికి చెయ్యి రాలేదు, సరుకు పారేసే వంశం కాదు కదా మనది. నాలుగోది రాసినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. ఈశ్వరి పక్కనుంది, సిగ్గేసింది. ఆ రోజు నువ్వు విస్తట్లో పెట్టినప్పుడైనా చెప్పాల్సింది. అలవాటులేని మూడు మందులు ఖాళీ కడుపుతో వచ్చినవాడి ఒంట్లో ఒక్కసారిగా పడ్డాయి. కానీ నీ మొహంలో ఆ సంతోషం చూశాను. విస్తట్లోది వదలకూడదన్నావు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అని మింగేశాను.

ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం రాస్తాను. ఇవాళ ఏదీ తోచడం లేదు. రేపు విజయనగరం వెళ్లి డాక్టరుకి కూడా చెబుతాను. నువ్వు తిట్టు, ఎంతైనా తిట్టు. నీ చెయ్యి మంచిది కాదని మాత్రం అనుకోకు.

తమ్ముడు


చీపురుపల్లి,
డిసెంబరు 2.

అప్పా,

నెల రోజులైంది, నీ నుంచి ఒక్క ముక్క లేదు. పోస్ట్‌మాన్ సైకిలు గంట మోగితే గల్లా వదిలేసి వీధిలోకి వెళుతున్నాను. బావకి ఫోన్ చేస్తే "మీ అప్ప నీ మాట ఎత్తితే లేసి ఎల్లిపోతంది. నన్నిరికించకు బావా," అన్నాడు.

అయినా సంగతులు రాస్తాను, చదివి చింపెయ్యి. డాక్టరు దగ్గరికి ఇంగువ డబ్బా పట్టుకుని వెళ్లాను. మూత తీసి బల్ల మీద గుమ్మరించాను. గదంతా ఇంగువ కంపు! ఈశ్వరి తల పట్టుకుంది. డాక్టరు ఆ కుప్ప వంక చూసి, "అయితే ఇన్నాళ్లూ నేను మీ బీపీకి కాదు, మీ అబద్ధానికి మందు పెంచానన్నమాట," అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఒక మందు రక్తనాళాల్ని వదులు చేస్తుంది. ఒకటి ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. ఇంకొకటి రక్తనాళాల్ని బిగించమని ఒంట్లో పుట్టే సంకేతాన్ని ఆపుతుంది. ఒక్కదాన్నే పెంచుకుంటూ పోతే కాళ్లు వాస్తాయి గానీ, నా అంత బీపీ దిగదు. మూడూ తక్కువ తక్కువగా కలిపితే ఒకదాని పని ఇంకొకటి అందుకుంటుంది. వింటుంటే లక్ష్మణమ్మ మాటలే చెబుతున్నట్టుంది. ఆవిడ ఫీజు కూడా తీసుకోలేదు.

మొదట రెండు మందులు కలిపిన మాత్ర ఇచ్చి, వారం వారం చూసి, పోయిన నెలాఖరున మూడోది కలిపాడు. నాలుగోది కొట్టేశాడు. దాని అవసరమే లేదట. ఎవరికి వారు మానకూడదు, ఎవరికి వారు ఒకేసారి మొదలెట్టకూడదు, ఏదైనా తనకి చెప్పే చేయమన్నాడు. మాత్ర ఇప్పుడు ఇంట్లోనే వేసుకుంటున్నాను. ఈశ్వరి నోరు తెరిపించి నాలుక కింద చూసి మరీ పంపిస్తోంది. నిన్న నూట ముప్పై ఎనిమిది బై ఎనభై ఆరు.

కాళ్ల వాపు తగ్గింది. నీ మీద బెంగ తగ్గలేదు. ఒక్క లైను రాయి. "చావు" అని రాసినా సరే, నీ చేతి రాత చూస్తాను.

తమ్ముడు


నౌపడ,
డిసెంబరు 10.

ఒరే,

చావమని రాయడానికా నిన్ను పదకొండేళ్లప్పటి నుంచి పెంచుకొచ్చింది?

మాత్రలు దాచినందుకు కాదు నా కోపం. నువ్వు చిన్నప్పుడు కూడా కాకరకాయ ముక్కలు జేబులో దాచేవాడివి. కానీ ఆ టెక్కలి డాక్టరు ముందు, నువ్వు స్పృహ లేకుండా పడి ఉంటే, నీ అబద్ధానికి నేను సాక్ష్యం చెప్పాను. నా నోటితో చెప్పాను. నన్ను నమ్మి ఆయన లేని రోగాన్ని వెతికాడు. ఆ వెతుకులాటలో నీకు ఏదైనా అయి ఉంటే, జీవితాంతం నేను దేవుణ్ణి తిట్టేదాన్ని, నా చేతిని తిట్టుకునేదాన్ని. అసలు కారణం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా కలం పక్కన పడేశాను. నెల అందుకే పట్టింది.

నీ నూట ముప్పై ఎనిమిదిని నమ్మను. కాగితం మీద నువ్వు ఏమైనా రాస్తావు. ఆదివారం పాసింజర్‌కి వస్తున్నాను. గాలి కొట్టే మిషను ఒకటి కొన్నాను, పక్కన కూర్చుని నా కళ్లతో చూస్తాను. బావ కూడా వస్తానంటున్నాడు, మనం పోట్లాడుకుంటే అంకెలు రాసుకోవడానికట.

వంట నేనే చేస్తాను. ఈశ్వరిని వంటింట్లోకి రావద్దని చెప్పు. పొద్దున్న టిఫిను తిను, డాక్టరు చెప్పిన మాత్ర డాక్టరు చెప్పినప్పుడే వేసుకో, నా కోసం ఆగకు. విస్తట్లో అన్నమే పెడతాను.

ఎంత ధైర్యం చెప్పుకున్నా ఆ గడప నా కళ్లముందు నుంచి పోవడం లేదు. వడ్డించేటప్పుడు నా చెయ్యి వణికితే, చూడనట్టు తిను.

అప్ప